బడి గడప తొక్కని గణితబ్రహ్మ



మన సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా తెస్తున్న ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, మన బడిలో చదివి పైకొచ్చినవాళ్ళ గురించి రాద్దామనే మొదట అనుకున్నాను. వాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పైగా నేను లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. అందుకని అసలు ఏ బడిలోనూ చదవని ఒక లెక్కల మనిషి గురించి రాస్తున్నాను. ఆయన మన పలివెలవారు కాదు, మన కోనసీమవారూ కాదు, కడప జిల్లావారు. ఆయన జీవితం బడి నడిపేవాళ్ళకీ, బడిలో చదువుకున్నవాళ్ళకీ ఒక ప్రశ్న మిగిల్చింది. ఆ ప్రశ్న మన దగ్గర కూడా ఉంది కాబట్టి ఈ వ్యాసం.

ఆయన పేరు లక్కోజు సంజీవరాయశర్మ. తెలుగువాళ్ళు గణితబ్రహ్మ అని పిలుచుకున్న గణితావధాని. పెద్ద వయసువారిలో కొందరికి ఆయన సభలు గుర్తుండవచ్చు. పిల్లలకు పేరు కూడా తెలియకపోవచ్చు.

పుట్టుక, వినికిడి చదువు

1907 నవంబరులో, ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరు గ్రామంలో పెద్ద పుల్లయ్య, నాగమాంబ దంపతులకు శర్మగారు పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో చూపులేని బిడ్డకు చదువు చెప్పించాలన్న ఆలోచనకే తావు లేదు. దేశంలో అంధుల పాఠశాలలు అసలు లేకపోలేదు. 1887లో అమృత్‌సర్‌లో ఒకటి, 1890లో తిరునెల్వేలి దగ్గర పాళయంకోటలో ఒకటి మొదలయ్యాయి. కల్లూరు బిడ్డకు అమృత్‌సర్ ఎంత దూరమో, పాళయంకోట కూడా అంతే దూరం. చేతివేళ్ళతో తడిమి చదివే బ్రెయిలీ లిపి ఫ్రాన్సులో 1820ల నాటికే తయారైంది. మన భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ స్థిరపడింది 1951లో. అప్పటికి శర్మగారికి నలభై నాలుగో ఏడు.

అయినా ఆయనకు లెక్కలు ఎలా వచ్చాయి? అక్క వల్ల వచ్చాయి. బడికి వెళ్ళే అక్క ఇంటికొచ్చి పాఠాలు పైకి చదువుకునేది. తమ్ముడు పక్కన కూర్చుని వినేవాడు. ఒకసారి విన్నది మరచిపోయేవాడు కాదు. ఆమె చదువుకున్న బడిలో ఆయన పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. చదువు మాత్రం చెవి దారిన ఇంట్లోకి వచ్చింది.

మన తరం వాళ్ళకు ఇది అర్థం కావడం తేలిక. ఎక్కాలు మనం చదివి నేర్చుకోలేదు, పాడి నేర్చుకున్నాం. ఒకడు ముందు చెప్పడం, మిగతావాళ్ళు గొంతు కలపడం. సాయంత్రం వేళ కాలువ గట్టు మీద నడిచేవాళ్ళకు కూడా మన ఎక్కాలు వినిపించేవి. మన ముందు తరం వాళ్ళకు మామూలు ఎక్కాలతో సరిపోలేదు. కాలు, అర, ముక్కాలు ఎక్కాలు కూడా ఉండేవి. తెలుగు లెక్క మొదటినుంచీ నోటి మీద నడిచింది. చూపులేని పిల్లవాడికి ఆ ఒక్క తలుపు తెరిచి ఉంది. ఆ తలుపులోంచే ఆయన లోపలికి వచ్చారు.

అప్పటి లెక్కలు ఇప్పటంత సుళువు కావు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైసలు. అంటే రూపాయికి నూట తొంభై రెండు పైసలు. మణుగుకు ఎనిమిది వీశెలు, వీశెకు నూట ఇరవై తులాలు. పొలం ఎకరాల్లో, సెంట్లలో. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఇన్ని వీశెల ఇన్ని తులాల సరుకు, వీశె ఇన్ని రూపాయల ఇన్ని అణాలైతే మొత్తం ఎంత అనే లెక్కకు గుమాస్తాలు కూడా కాగితం, కలం పట్టుకునేవారు. కల్లూరు రైతులు పొలం విస్తీర్ణమో పంట ధరో కావలసి వస్తే ఈ కుర్రవాడిని అడిగేవారు. ఆయన నోటితోనే చెప్పేసేవాడు. లోకం ఆయనకు పెట్టిన మొదటి పరీక్షలు అవే.

నంద్యాల సభ

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన మహాసభలు రాయలసీమ చరిత్రలో ముఖ్యమైనవి. అంతవరకు దత్తమండలాలని పిలిచిన ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నది అక్కడే. ఆ సందర్భంలోనే, ఇరవై ఒకటో ఏట, శర్మగారు పెద్ద సభ ముందు తన విద్య ప్రదర్శించారు. ఆ తరువాత ఊరూరా, రాష్ట్రం దాటి కూడా, దశాబ్దాల పాటు ఆయన ప్రదర్శనలు సాగాయి.

అవధానం అంటే మన గోదావరి వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళవారిది కడియం. ఆ జంట ఊరూరా అష్టావధానాలు, శతావధానాలు చేసి ఆ విద్యను జనంలోకి తెచ్చింది. పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో చిక్కు వేస్తారు. అవధాని అన్నిటినీ మనసులో పెట్టుకుని ఒక్కొక్కటే విప్పుతాడు. శర్మగారు ఆ చట్రంలో పద్యం స్థానంలో లెక్కను కూర్చోబెట్టారు. గుణకారాలు, భాగహారాలు, వర్గమూలాలు, ఘనమూలాలు. పుట్టిన తేదీ చెబితే ఆ రోజు ఏ వారమో చెప్పడం. పలకా బలపం లేదు, ఉన్నా ఆయనకు ఉపయోగం లేదు.

వారం చెప్పడంలో మాయ ఏమీ లేదు, లెక్క ఉంది. ఏడాదికి 365 రోజులు. యాభై రెండు వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. అందుకని అదే తేదీ మరుసటి ఏడాది ఒక వారం ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు జరుగుతుంది. 1947 ఆగస్టు 15 శుక్రవారం. 1966 ఆగస్టు 15 ఏ వారం? మధ్యలో పంతొమ్మిది ఏళ్ళు, ఐదు లీపు సంవత్సరాలు. మొత్తం ఇరవై నాలుగు. ఏడుతో భాగిస్తే శేషం మూడు. శుక్రవారం నుంచి మూడు జరిగితే సోమవారం. ఇది మన ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. శర్మగారి గొప్ప ఎక్కడుందంటే, సభలో ఒకరి తరువాత ఒకరు తేదీలు విసురుతుంటే తడబడకుండా చెబుతూ పోవడంలో ఉంది.

ముప్పై రెండు అంకెలు

ఆయన పేరు చెప్పగానే తెలుగువాళ్ళు తలచుకునే సంఘటన 1966లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో జరిగింది. అక్కడ ఆయనను 2 పవర్ 103 ఎంత అని అడిగారు. అంటే రెండును నూట మూడు సార్లు వేసి గుణిస్తే ఎంత అని. ఆయన ముప్పై రెండు అంకెల జవాబు చెప్పారు. ఆ సంఖ్య ఇది:

10141204801825835211973625643008

ఇది సరైన జవాబేనా? లెక్కల మాస్టారి బుద్ధి, సరిచూడకుండా ఊరుకోదు. మీరు కూడా నాతో చూడండి.

మొదట చివరి అంకె. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి తిరుగుతాయి. 103ను నాలుగుతో భాగిస్తే శేషం 3. కాబట్టి చివర 8 రావాలి. వచ్చింది.

రెండవది, అంకెల సంఖ్య. సంవర్గమానాల పట్టికలో 2కు ఎదురుగా 0.30103 ఉంటుంది. దాన్ని 103తో గుణిస్తే 31.006 వస్తుంది. అంటే 32 అంకెలు ఉండాలి. ఉన్నాయి. ముప్పై ఒకటిని ఆ గుణకారం అతి కొద్దిగా మాత్రమే దాటింది కాబట్టి మొదట్లో 101 అని చిన్న అంకెలు వచ్చాయి.

మూడవది, పాత మాస్టార్లు నేర్పిన తొమ్మిదుల పరీక్ష. రెండు ఘాతాలను తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి తిరుగుతాయి. 103ను ఆరుతో భాగిస్తే శేషం 1, కాబట్టి ఇక్కడ 2 రావాలి. పై సంఖ్యలో అంకెలన్నీ కూడితే 110. మళ్ళీ కూడితే 2. సరిపోయింది.

ఈ మూడు పరీక్షలూ నెగ్గినంత మాత్రాన జవాబు రుజువైనట్టు కాదని మా విద్యార్థులకు నేను ఎప్పుడూ చెప్పే మాట. రుజువు కావాలంటే కాగితం తీయండి. 2¹⁰ అంటే 1024. దాని వర్గం 2²⁰, అంటే 10,48,576. ఇలా 2⁵⁰ వరకు వెళితే పదహారు అంకెల సంఖ్య, 1125899906842624 వస్తుంది. దాని వర్గం 2¹⁰⁰. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 2¹⁰³. పదహారు అంకెల సంఖ్యను అదే సంఖ్యతో గుణించడానికి మీకూ నాకూ అరగంట, ఒక పెద్ద ఠావు కావాలి. రెండు మూడు తప్పులు కూడా చేస్తాం. కాగితం మీద చేసి చూసినవాళ్ళకే శర్మగారి విద్య విలువ తెలుస్తుంది.

తెలుగువాళ్ళకు రెట్టింపుల లెక్క మీద మోజు ఇప్పటిది కాదు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలంవాడు పావులూరి మల్లన. తెలుగులో మొదటి గణిత గ్రంథం ఆయనదే. చదరంగం మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు అని అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్నో చెప్పే పద్యం ఆయన పేరుతో వ్యాప్తిలో ఉంది. ఆ సంఖ్య 18446744073709551615. ఇరవై అంకెలను పద్యంలో పొదగడం మల్లన విద్య. ముప్పై రెండు అంకెలను మనసులో పేర్చడం శర్మగారి విద్య. మన గోదావరి గట్టున మొదలైన ముచ్చట తొమ్మిది వందల ఏళ్ళ తరువాత కూడా సాగుతూనే ఉందన్నమాట.

ఒకటి తీసేస్తే

ఇక్కడినుంచి అసలు సంగతి. మల్లన చెప్పిన సంఖ్య 2⁶⁴ నుంచి ఒకటి తీసేసినది. శర్మగారు చెప్పిన సంఖ్య నుంచి కూడా ఒకటి తీసేద్దాం. చివరి 8 బదులు 7 వస్తుంది, అంతే. గణితశాస్త్రం దృష్టిలో మాత్రం అది వేరే లోకం.

రెండు ఘాతానికి కారణాంకాల విషయంలో రహస్యమేమీ లేదు, అన్నీ రెండులే. ఒకటి తీసేయగానే ప్రశ్న పుడుతుంది. ఈ సంఖ్యను ఏదైనా భాగిస్తుందా, లేక ఇది ప్రధాన సంఖ్యా? అంటే ఒకటి, తాను తప్ప వేరే భాజకం లేనిదా?

ఇలాంటి సంఖ్యల జాబితా ఒకటి 1644లో మరాన్ మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ప్రకటించాడు. అందుకని వాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. వాటికి ఒక మొదటి నియమం ఉంది. ఘాతాంకం ప్రధాన సంఖ్య కాకపోతే, ఒకటి తీసేసిన సంఖ్య కూడా ప్రధాన సంఖ్య కాదు. 64 ప్రధాన సంఖ్య కాదు కాబట్టి మల్లన సంఖ్య ముక్కలవుతుంది. 3, 5, 17, 257, 641, 65537, 6700417, ఈ ఏడూ గుణిస్తే చదరంగం గింజలన్నీ వచ్చేస్తాయి.

103 ప్రధాన సంఖ్యే. అలాగని 2¹⁰³ – 1 ప్రధాన సంఖ్య అయి తీరాలని లేదు. 11 ప్రధాన సంఖ్యే, కాని 2¹¹ – 1 అంటే 2047 మాత్రం 23ను 89తో గుణిస్తే వస్తుంది. ఆ రెండు కారణాంకాలనూ చూడండి. 23 అంటే 22కు ఒకటి ఎక్కువ, 89 అంటే 88కి ఒకటి ఎక్కువ. రెండూ 11కు రెట్టింపైన 22 గుణిజాలకు ఒకటి ఎక్కువ. ఇది యాదృచ్ఛికం కాదు. ఘాతాంకం రెండుకంటే పెద్ద ప్రధాన సంఖ్యైన ప్రతి మెర్సెన్ సంఖ్యకూ భాజకాలన్నీ ఇలాగే ఉంటాయి.

కాబట్టి 2¹⁰³ – 1కు భాజకం ఉంటే అది 206 గుణిజాలకు ఒకటి ఎక్కువగా ఉండాలి. 207, 413, 619 అని వరస. ఈ వరసలో పోతూ పోతూ 1,23,79,533వ మెట్టు మీద 2550183799 తగులుతుంది. రెండు వందల యాభై ఐదు కోట్ల పైచిలుకు సంఖ్య. అది నిశ్శేషంగా భాగిస్తుంది. భాగఫలం 3976656429941438590393. అంటే 2¹⁰³ – 1 ప్రధాన సంఖ్య కాదు. పది అంకెల ప్రధాన సంఖ్య ఒకటి, ఇరవై రెండు అంకెల ప్రధాన సంఖ్య ఒకటి కలిసి దాన్ని తయారు చేశాయి.

ఇప్పుడు మరో నాలుగు సార్లు రెట్టించండి. 2¹⁰⁷ వస్తుంది. ఒకటి తీసేయండి:

162259276829213363391578010288127

ఈ ముప్పై మూడు అంకెల సంఖ్యకు భాజకం లేదు. ఇది ప్రధాన సంఖ్య. మెర్సెన్ తన జాబితాలో దీన్ని చేర్చలేకపోయాడు. 1914లో గాని ఇది రుజువు కాలేదు. భాషానిలయం సభనాటికి ఆ రుజువుకు యాభై రెండేళ్ళు. శర్మగారు చెప్పిన సంఖ్యకు, ప్రపంచ గణితజ్ఞులు మూడు శతాబ్దాలు తడుముకున్న సంఖ్యకు మధ్య దూరం నాలుగంటే నాలుగు రెట్టింపులు, ఒక తీసివేత.

భాజకాలు వెతక్కుండానే ప్రధాన సంఖ్యో కాదో తేల్చే ఉపాయం కనిపెట్టినవాడు ఎడ్వర్డ్ లూకా. ఆయన కూడా మనవాడే, అంటే పారిస్‌లో బడి పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు. 1876లో 2¹²⁷ – 1 అనే ముప్పై తొమ్మిది అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని యంత్రం లేకుండా తేల్చాడు. తరువాత లేమర్ అనే అమెరికా గణితజ్ఞుడు ఆ పద్ధతిని సులభం చేశాడు. పద్ధతి ఇదీ. నాలుగుతో మొదలుపెట్టాలి. వర్గం చేసి రెండు తీసేయాలి. వచ్చినదాన్ని పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్ళీ వర్గం, మళ్ళీ రెండు తీసివేత, మళ్ళీ శేషం. ఘాతాంకంలో రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్న వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 2⁵ – 1 అంటే 31 మీద చూడండి. 4 వర్గం 16, రెండు తీస్తే 14. దాని వర్గం 196, రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. దాని వర్గం 64, రెండు తీస్తే 62, శేషం సున్న. మూడు మెట్లలో 31 ప్రధాన సంఖ్య అని తేలింది. బీజగణితం తెలియని పిల్లలకు కూడా ఈ లెక్క చేసి చూపించవచ్చు.

ఇందులో ఉన్నవేమిటి? గుణకారం, తీసివేత, శేషం. అంటే శర్మగారి నిత్యవ్యవహారంలో ఉన్న పనిముట్లే.

అడగని ప్రశ్న

నన్ను కలవరపెట్టే సంగతి ఇదే. ఆయనను వేదిక మీద కూర్చోబెట్టి జనం ఎంత అని అడిగారు. జవాబు రాగానే చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. ఎంత అన్నది లెక్క. ఎందుకు, ఎప్పుడూ ఇంతేనా అన్నది గణితం. మొదటిదానికి ఆయన గొప్ప యంత్రం కంటే ముందున్నారు. రెండవది నేర్పడానికి బడి కావాలి, పుస్తకం కావాలి, పక్కన కూర్చుని తప్పు దిద్దే మాస్టారు కావాలి.

శ్రీనివాస రామానుజన్‌తో పోల్చి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఆయన కూడా ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడే. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం దాకా పారిపోయి వచ్చినవాడే. కాని ఆయనకు పదహారో ఏట కార్ అనే ఆయన రాసిన గణిత సూత్రాల పుస్తకం దొరికింది. దాన్ని ఆయన కళ్ళతో చదవగలిగాడు. 1910లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావుగారు ఆయన నోటుపుస్తకాలు చూసి, నెలనెలా సొంత డబ్బు ఇచ్చి పోషించారు. 1913లో కేంబ్రిడ్జి హార్డీకి రాసిన ఉత్తరాల్లో ప్రధాన సంఖ్యల లెక్కింపు గురించి రామానుజన్ చెప్పినవాటిలో పొరపాట్లు ఉన్నాయి. హార్డీ వాటిని చూసి ఉత్తరం పక్కన పడేయలేదు. పిలిపించుకుని, ఎక్కడ తప్పిందో చూపించి, రుజువు అంటే ఏమిటో నేర్పాడు. 1919లో అదే రామానుజన్ ప్రధాన సంఖ్యల మీద బెర్ట్రాండ్ సిద్ధాంతానికి రెండు పేజీల అందమైన రుజువు ప్రచురించాడు.

సంజీవరాయశర్మగారికి చప్పట్లు దొరికాయి, తప్పు దిద్దే మనిషి దొరకలేదు. ఇద్దరి ప్రతిభనూ తూకం వేయడం నా ఉద్దేశం కాదు. ఒకరికి తెరుచుకున్న తలుపులు రెండోవారికి ఎందుకు తెరుచుకోలేదో చూడమంటున్నాను.

శ్రీకాళహస్తిలో వయోలిన్

శర్మగారికి లెక్కతో పాటు వయోలిన్ వచ్చు. తీగ మీద వేలు ఎక్కడ పడాలో కళ్ళు చెప్పనక్కర్లేదు. జీవితంలో ఎక్కువకాలం శ్రీకాళహస్తిలో ఉండి, ఆలయంలో వయోలిన్ వాయించేవారు. స్వామి దర్శనానికి వచ్చిన యాత్రికుల్లో ఎంతమంది, ఆ వాయిద్యం పట్టుకున్న చూపులేని మనిషి మనసులో ముప్పై రెండు అంకెల సంఖ్యలు తిరుగుతుంటాయని ఎరుగుదురు?

వృద్ధాప్యంలో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఒకటో తరగతి రిజిస్టరులో చోటు దొరకని మనిషిని విశ్వవిద్యాలయం చివరికి పట్టభద్రుల పైవరసలో కూర్చోబెట్టింది. మధ్యలో ఉండాల్సిన చదువంతా మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. 1997 డిసెంబరు 2న, తొంభై ఏళ్ళు నిండాక, ఆయన కన్నుమూశారు.

లోకం పెద్ద సంఖ్యల వెంట మరింత వేగంగా పరుగెత్తింది. పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, గుణించినదాన్ని మళ్ళీ విడదీయడం కష్టం అన్న ఒక్క గుణం మీద 1977లో ఒక రహస్య లిపి పద్ధతి పుట్టింది. బ్యాంకులు, కంప్యూటర్లు రహస్యాలు దాచుకోవడానికి దాన్ని వాడుతూ వచ్చాయి. 2024 అక్టోబరులో ప్రకటించిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. దాని ఘాతాంకం 13,62,79,841. దాన్ని పరీక్షించింది యంత్రాలే. ఇక ఎంత అన్న ప్రశ్నకు మనిషి అవసరం లేదు. ఎందుకు అన్న ప్రశ్నకు ఇప్పటికీ మనిషే కావాలి. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా అన్న చిన్న ప్రశ్నకు ఏ యంత్రమూ ఇంతవరకు జవాబు చెప్పలేదు.

మన గడప దగ్గర

ఈ కథంతా పలివెలలో ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను.

కొప్పులింగేశ్వరస్వామి గుడికి వెళ్ళే దారిలోనో, కొత్తపేట సంతలోనో, రావులపాలెం బస్టాండులోనో చూపులేని పిల్లవాడు ఎదురైతే మనం చేతిలో ఏదో పెట్టి ముందుకు పోతాం. ఏ తరగతి చదువుతున్నావని అడిగినవాళ్ళం ఎంతమందిమి? నేను కూడా చాలాకాలం అడగలేదు. లెక్కలు చెప్పే మాస్టారిని అయ్యుండీ అడగలేదు.

ఇప్పుడు చట్టం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అలాంటి పిల్లలకు చదువు హక్కు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పరీక్ష రాయడానికి సహాయకుణ్ణి ఇస్తారు. లెక్కలు చేయడానికి టేలర్ ఫ్రేమ్ అనే పలక ఉంది. చిన్న చిన్న అచ్చులను గళ్ళలో తిప్పి పెడితే, ఏ కోణంలో పెట్టారన్నదాన్ని బట్టి అంకె తెలుస్తుంది. వేళ్ళతో తడిమి కూడికలు, గుణకారాలు, బీజగణితం కూడా చేయవచ్చు. పుస్తకాన్ని చదివి వినిపించే ఫోన్లు మన జేబుల్లోనే ఉన్నాయి. శర్మగారికి లేనివి ఇవన్నీ. లేనిదల్లా వాటిని పిల్లవాడి చేతికి అందించే మనిషి.

స్వర్ణోత్సవానికి మనం వేదిక కడుతున్నాం, శాలువాలు తెస్తున్నాం, భోజనాలు పెడుతున్నాం. అవన్నీ ఉండాలి. వాటితోపాటు మన సంఘం పెద్దలకు నా విన్నపం ఒకటి. పోగైన నిధిలో ఒక భాగం పక్కన పెట్టి, మన ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ బడికి రాని దివ్యాంగ పిల్లలెవరో ముందు ఇంటింటికీ వెళ్ళి తెలుసుకుందాం. మనలో పదవీ విరమణ చేసిన మాస్టార్లు, టీచరమ్మలు ఉన్నారు. వారానికి రెండు రోజులు ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చుని పాఠం పైకి చదివితే చాలు. కల్లూరులో ఒక అక్క చేసింది అంతే. ఆమెకు తాను ఏం చేస్తున్నదో కూడా తెలిసి ఉండదు.

నా పేరు మొదట రాసుకోండి. లెక్కల పాఠాలు నేను చదువుతాను. ఎంత అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆగను, ఒకటి తీసేస్తే ఏమవుతుందని కూడా అడుగుతాను.